తుపాను డబ్బు ఏ అకౌంట్లో పడుతుంది? ఫోన్లోనే చూసుకోండి

అందరికీ నమస్కారమండి. తుపానుకి చేను పడిపోయింది, వ్యవసాయ సహాయకుడు వచ్చి రాసుకెళ్లారు. మరి ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, ఎక్కడ పడుతుంది? అదే చూద్దాం.

ముందు లెక్క, గబగబా చెప్పేస్తాను. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే వస్తుంది. 2015కి ముందు 50 శాతం పోవాల్సి ఉండేది. 2022లో వచ్చిన కేంద్రం రేట్ల ప్రకారం హెక్టారుకి నీటి వసతి ఉంటే 17,000, వర్షాధారమైతే 8,500, తోటలకి 22,500. ఇదిగో, స్క్రీన్ మీద ఉంది. రెండు హెక్టార్ల వరకే, అంటే ఇంచుమించు ఐదెకరాలు. రాష్ట్రం పైన కలిపితే పెరుగుతుంది. 2024 సెప్టెంబరు వరదలప్పుడు ఆంధ్రాలో వరికి హెక్టారుకి 25,000 అన్నారు.

తర్వాత ఈ-పంట, అంటే ఎవరు ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ నమోదు. ఇక్కడ నొక్కండి, ఇలా. మీ పేరు, సర్వే నంబరు, పంట, ఈకేవైసీ. అంతే. ఏదైనా తేడా ఉంటే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. కౌలు రైతులైతే మాత్రం పేరు ఎవరిదుందో చూడండి. పొలం గలాయన పేరుంటే డబ్బు ఆయనకే పోతుంది, తర్వాత మీరూ మీరూ తేల్చుకోవాలి.

సరే, ఇప్పుడు అసలు సంగతి. నన్ను తిప్పలు పెట్టింది ఇదేనండి. మా నాన్నగారి పేరు డబ్బు వచ్చేవాళ్ల జాబితాలో ఉంది, జమ అయిందంటున్నారు, పాస్‌బుక్‌లో చూస్తే పైసా లేదు. ఎందుకంటే ఈ డబ్బు అకౌంట్ నంబరు చూసి రాదు, ఆధార్ చూసి వస్తుంది. మీకు మూడు బ్యాంకుల్లో అకౌంట్లున్నా ఆధార్ డబ్బు ఒక్కదానికే వెళుతుంది. ఏది చివర మ్యాప్ అయిందో, అంటే ఆధార్ డబ్బు కోసం ఏ బ్యాంకుని చివర జోడించారో, దానికి. మళ్లీ చెప్తున్నా, మీరు రోజూ వాడే అకౌంట్ కాదు, చివర మ్యాప్ అయింది.

ఎలా చూడాలి? మైఆధార్ సైట్, లాగిన్, ఆధార్ నంబరు, ఈ బొమ్మలో అక్షరాలు, ఓటీపీ. లోపల కిందికి రండి... ఇంకా కిందికి... ఇదిగో, బ్యాంక్ సీడింగ్ స్టేటస్. నొక్కితే బ్యాంకు పేరు వస్తుంది, పక్కన యాక్టివ్ అని ఉండాలి. ఇనాక్టివ్ అని ఉన్నా, మీరు మర్చిపోయిన బ్యాంకు పేరు కనిపించినా, మీకు కావలసిన బ్యాంకుకి వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వండి. బ్యాంకులో "ఆధార్ లింక్ అయ్యే ఉంది కదా" అంటారు. కేవైసీకి, అంటే మీరెవరో బ్యాంకు తేల్చుకోడానికి, చేసే లింక్ వేరు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ వేరు. ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకి పోవాలో రాసి ఉంచే సంస్థే ఎన్‌పీసీఐ. ఎన్‌పీసీఐ అనే మాట నోరు తెరిచి అడగండి. నాలుగు రోజులాగి ఇదే పేజీ మళ్లీ తెరిచి చూసుకోండి.

ఓటీపీ రాకపోతే? ఆధార్‌కి ఉన్నది పాత సిమ్ అయి ఉంటుంది, ముందు ఆ పని చూడండి.

అన్నట్టు, పడిపోయిన చేను ఫోటోలు. మామూలు కెమెరాతో తీయకండి. నేనైతే జీపీఎస్ కెమెరా యాప్ వాడతాను, తేదీ, చోటు ఫోటో మీదే పడతాయి. గట్టు మీద నుంచి ఒకటి, చేలో దిగి ఒకటి.

జాబితా రైతు సేవా కేంద్రంలో అంటిస్తారు. పేరు లేకపోతే అభ్యంతరం కాగితం మీద రాసివ్వండి, నోటిమాటతో సరిపెట్టకండి.

పంట బీమా కట్టినవాళ్లకి అది వేరే దారి. నష్టం జరిగిన 72 గంటల్లోపు 14447కి ఫోన్ చేసి చెప్పాలి. నీళ్లు తీశాక చూద్దాంలే అనుకోకండి, ముందు ఫోన్ కొట్టండి.