లాయర్ గారి జవాబు, మా గ్రూపులో నా మెసేజ్

నమస్తే అండి. ఈసారి బడ్జెట్ గురించి మాట్లాడతానన్నాను గానీ, అది పక్కన పెట్టేశాను. పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎమర్జెన్సీ గురించి ఒక పాత పుస్తకం కొన్నాను, అట్ట ఊడిపోయి ఉంది, బేరమాడితే యాభైకిచ్చాడు, అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది కదా. మీసా చట్టం కింద విచారణ లేకుండా వేలమందిని జైల్లో వేశారు. మావాణ్ణి ఎందుకు పట్టుకెళ్లారని కోర్టుకెళ్లి అడిగే హక్కయినా ఉందా అన్నది సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ఏడీఎం జబల్పూర్ కేసు అంటారు. ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే వాదిస్తుంటే జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక ప్రశ్న వేశారు: ఒక పోలీసు సొంత పగతో మనిషిని చంపేస్తే, అప్పుడైనా కోర్టు తలుపు తట్టొచ్చా? ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ కుదరదు, ఇది మీ మనస్సాక్షికీ నా మనస్సాక్షికీ కష్టంగానే ఉండొచ్చు, కానీ నా వాదన ప్రకారం దారి లేదు అన్నట్టుగా నిరేన్ డే జవాబిచ్చారు.

1976 ఏప్రిల్ 28న తీర్పొచ్చింది. ఐదుగురిలో నలుగురు ప్రభుత్వం వైపే. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి జనవరిలో ఆయనకు రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి కుర్చీ ఆయనకన్నా జూనియర్‌కి ఇచ్చారు, ఈయన రాజీనామా చేశారు. ఆ నలుగురిలో ఒకరు వై.వి. చంద్రచూడ్. 41 ఏళ్ల తర్వాత, 2017లో, ఆ తీర్పు తప్పని రాసిన జడ్జి ఆయన కొడుకే. సినిమాలో పెడితే అతిగా ఉందంటాం!

ఖన్నా గారికి దండం పెట్టడం తేలికే అండీ, అందరం పెడతాం. నన్ను వదలనిది ఆ లాయర్ గారి జవాబు. మనస్సాక్షి లేని మనిషి కాదు కదా, ఉంది, దానికి కష్టంగానే ఉందని నిండు కోర్టులో ఒప్పుకుని మరీ వాదన సాగించాడు.

చదువుతుంటే నా సంగతే గుర్తొచ్చింది. అప్పట్లో నేను ఓటేయని పార్టీ అధికారంలో ఉండగా, ఫేస్‌బుక్ పోస్టు పెట్టాడని ఒక కుర్రాణ్ణి అర్ధరాత్రి తీసుకెళ్తే ఇదే కుర్చీలో కూర్చుని గొంతు చించుకున్నాను. ఆ తర్వాత నేను ఓటేసిన పార్టీ వచ్చింది, అదే పని అది కూడా చేసింది. అప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ఏం పెట్టానో తెలుసా? "వాడికలా కావాల్సిందే" అని. పెట్టేటప్పుడు లోపల కాస్త గుచ్చుకుంది, అబద్ధమెందుకు, అయినా పెట్టేశాను.

నిన్న రాత్రి వెతికి చూశాను. మా బావమరిది బొటనవేలు ఎమోజీ కూడా పెట్టాడు. డిలీట్ చేద్దామంటే టైం ఎప్పుడో దాటిపోయింది.