కార్మెల్‌లో రిటైరవ్వాలనుందా? ఇంటి ధర ఒక్కటే చూస్తే సరిపోదు

[తెర మీద: తెల్లటి ఇసుక తీరం, గాలికి వంగిన సైప్రస్ చెట్లు, వెనక చిన్న కాటేజీలు]

నమస్కారం. కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన మన వాళ్లు వీకెండ్‌కి వెళ్లొచ్చి, "ఉంటే ఇలాంటి ఊళ్లో ఉండాలి" అనుకునే చోటు కార్మెల్ బై ద సీ. మొత్తం ఊరు చదరపు మైలు. 2020 జనాభా లెక్కల్లో 3,220 మంది. చిన్న కాటేజీ కూడా 20 లక్షల డాలర్లు దాటడం అక్కడ మామూలే. అంత ధర ఎందుకో అర్థమైతే, వయసు మీద పడ్డాక అక్కడ రోజులు ఎలా గడుస్తాయో కూడా చాలావరకు అర్థమవుతుంది.

[తెర మీద: పాత నలుపు తెలుపు ఫొటోలు]

1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత చాలామంది రచయితలు, చిత్రకారులు ఇక్కడికి చేరారు. 1910లో ఫారెస్ట్ థియేటర్, 1927లో ఆర్ట్ అసోసియేషన్, 1935లో బాఖ్ ఫెస్టివల్ అనే సంగీతోత్సవం మొదలయ్యాయి. అన్నీ ఇప్పటికీ నడుస్తున్నాయి. 1929లో ఊరి కౌన్సిల్ ఒక చట్టం చేసింది: వ్యాపారం ఎప్పటికీ నివాసానికి లోబడే ఉండాలని. ఆ పట్టుదల వల్లే ఊరు ఇంత అందంగా మిగిలింది. దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ఇళ్లు పెరగవు, కావాలనేవాళ్లు మాత్రం పెరుగుతూనే ఉంటారు.

దీనికి నీళ్ల సమస్య తోడైంది. కార్మెల్ ఉన్న మాంటెరీ ద్వీపకల్పానికి చాలాకాలం ప్రధాన ఆధారం కార్మెల్ నది. నీటి కంపెనీ హక్కుకు మించి తోడుతోందని రాష్ట్ర జల బోర్డు 1995లో తేల్చింది. 2009లో ఇచ్చిన ఉత్తర్వుతో కొత్త నీటి మీటర్లు ఆగిపోయాయి. అందుకే ఖాళీ స్థలం చవగ్గా దొరికిందని సంబరపడి కొనేయకండి. మోకాళ్ల నొప్పులొచ్చాయి, కింది గదిలోనే ఒక బాత్రూమ్ కట్టించుకుందాం అనుకున్నా, షవర్, సింకు, టాయిలెట్ అన్నీ లెక్కగట్టి నీటి జిల్లా (ఈ ప్రాంతపు నీటి వాడకాన్ని చూసే ప్రభుత్వ సంస్థ) పర్మిట్ ఇవ్వాలి. కొనే ఇంట్లో కింద పడకగది, బాత్రూమ్ ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

[తెర మీద: పన్ను లెక్క]

ఇప్పుడు పన్ను. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన పన్ను చట్టం, ప్రతిపాదన 13 ప్రకారం ఇంటి పన్ను కొన్న ధర మీద సుమారు 1 శాతం. ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు. అందుకే నలభై ఏళ్ల కిందట కొన్న పక్కింటాయన కట్టేదానికి, మీరు కట్టేదానికి పోలికే ఉండదు. అయితే 55 దాటినవాళ్లకు 2021 ఏప్రిల్ నుంచి ప్రతిపాదన 19 వెసులుబాటు ఉంది. పాత ఇంటి పన్ను విలువను రాష్ట్రంలో ఎక్కడికైనా మూడుసార్ల వరకు తీసుకెళ్లొచ్చు.

లెక్క చూద్దాం. మీ పాత ఇల్లు 18 లక్షలకు అమ్ముడుపోయింది, రికార్డుల్లో దాని పన్ను విలువ 6 లక్షలు. కార్మెల్ ఇల్లు 25 లక్షలకు, పాతది అమ్మకముందే కొన్నారు. తేడా 7 లక్షలు ఆ 6 లక్షలకు కలుస్తుంది. అంటే పన్ను 25 లక్షల మీద కాదు, 13 లక్షల మీద. ఏడాదికి దాదాపు 12 వేల డాలర్లు మిగులుతాయి. రెండు ఇళ్లూ మీరు సొంతంగా ఉండేవే అయి ఉండాలి, అమ్మకానికీ కొనుగోలుకూ మధ్య రెండేళ్లకు మించి తేడా ఉండకూడదు.

[తెర మీద: రాత్రి వీధి, చేతిలో టార్చి, దారి మీద చెట్టు వేరు]

ఇళ్ల వీధుల్లో కాలిబాటలు లేవు, వీధిదీపాలూ లేవు. రెండంగుళాల కంటే ఎత్తైన సన్న మడమల చెప్పులకు పర్మిట్ కావాలని 1963లో చట్టం చేశారు. వేర్లకు తట్టుకుని పడినవాళ్లు ఊరి మీద కేసులేస్తారని ఆ జాగ్రత్త. టూరిస్టులకు అదొక సరదా ముచ్చట. 75 ఏళ్ల మనిషికి మాత్రం అది తుంటి ఎముక విరిగే సంగతి. వందేళ్లకు పైగా ఇళ్లకు నంబర్లు కూడా లేకుండానే ఈ ఊరు నడిచింది. అంబులెన్స్‌కి ఇల్లు దొరకాలి కదా అన్న వాదన బలపడ్డాకే నంబర్ల వైపు కదిలింది.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇది. మీ డబ్బుతో మీరు ఇల్లు కొనగలరు. కానీ రేపు మిమ్మల్ని చూసుకోవాల్సిన మనిషి ఆ ఊళ్లో ఉండగలరా? ఇంటికొచ్చే నర్సు, స్నానానికి సాయం చేసే ఆయా, ప్లంబర్, వీళ్లలో చాలామంది సీసైడ్, మరీనా, సలీనాస్ లాంటి ఊళ్ల నుంచి కారులో రావాల్సిందే. గంట పనికి అంత దూరం ఎవరొస్తారు? పైగా రోజువారీ బాగోగులు చూసే దీర్ఘకాల సేవలకు మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) డబ్బివ్వదు. ఆస్పత్రి పక్కనే మాంటెరీలో ఉంది, అది పెద్ద ఊరట. పెద్ద స్పెషలిస్టు కావాలంటే మాత్రం స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

2010లో 3,722 ఉన్న జనాభా పదేళ్లలో 500 తగ్గింది. చాలా ఇళ్లు యజమానులు సెలవులకు వచ్చిపోయే ఇళ్లు. రాత్రిపూట తలుపు తట్టడానికి పక్కింట్లో మనిషి ఉంటారా అన్నది కొనేముందు వీధిలో అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

అందుకే ముందు అద్దెకుండి చూడండి. నివాస ప్రాంతంలో 30 రోజుల కంటే తక్కువ అద్దె నిషేధం కాబట్టి, ఎలాగూ నెల ఉండాల్సిందే. ఒక నెల జులైలో, పొగమంచు కమ్ముకునే రోజుల్లో ఉండండి. ఇంకో నెల చలికాలంలో, తుఫానుకు చెట్లు తీగల మీద పడి కరెంటు పోయే రోజుల్లో ఉండండి. హోమ్ కేర్ ఏజెన్సీలకు ఫోన్ చేసి, కనీసం ఎన్ని గంటల పని ఉంటే మనిషిని పంపుతారో, ఎంత తీసుకుంటారో రాసుకోండి. ఆగస్టులో కార్ వీక్ (కార్ల ప్రదర్శనల వారం) ట్రాఫిక్‌లో ఇంటి నుంచి ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో మీరే డ్రైవ్ చేసి చూడండి. రియల్టర్‌తో మాట్లాడటం ఆ తర్వాతే.