ప్రెడిక్టెడ్ గ్రేడ్ తక్కువ వేస్తే సొంతంగా అప్లై చేయొచ్చా?

అందరికీ నమస్కారం. శనివారం తెలుగు క్లాసు అయిపోయాక కూడా ఆగిన తల్లిదండ్రులకు, ముఖ్యంగా ఇయర్ 12, అంటే మన ఇంటర్ మొదటి సంవత్సరం లాంటి తరగతిలో ఉన్న పిల్లలకు థాంక్స్. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లోనే ఒక సిక్స్త్ ఫామ్‌లో (ఇయర్ 12, 13 చెప్పే చోట) కెమిస్ట్రీ చెబుతాను. జులై వచ్చిందంటే మనవాళ్ల నుంచి నాకొచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే విషయం మీద ఉంటాయి, ప్రెడిక్టెడ్ గ్రేడ్లు. అంటే ఏ లెవెల్స్‌లో (ఇక్కడి ఇంటర్ లాంటి పరీక్షల్లో) పిల్లకు ఎంత గ్రేడ్ రావచ్చో స్కూలు వేసే అంచనా. "అమ్మాయికి స్కూల్లో ఏ, ఏ, బీ అని వేశారండీ. ఏ స్టార్లు తెచ్చుకునే పిల్ల. ఆ స్కూలుతో పని లేకుండా మనమే సొంతంగా యూకాస్‌లో (యూనివర్సిటీ అప్లికేషన్లు తీసుకునే సంస్థలో) అప్లై చేసుకోవచ్చా?"

చేసుకోవచ్చు. కాకపోతే పరీక్షలకు ముందు చేస్తే ఆ దారి మీకు పెద్దగా ఉపయోగపడదు. ఫలితాలు వచ్చాక చేస్తే అదే దారి చాలా బాగా పనికొస్తుంది. ఈ తేడా తెలియక కొన్ని కుటుంబాలు అనవసరంగా నష్టపోతున్నాయి. అందుకే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

మనలో చాలామంది ఇంటర్ చదివింది ఆంధ్రాలోనో తెలంగాణలోనో. పరీక్ష రాశాం, ఎంసెట్ ర్యాంకు వచ్చింది, ఆ ర్యాంకు పట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లాం. సీటు వచ్చినా రాకపోయినా అది మనం రాసిన పరీక్షను బట్టే. ఇక్కడ వరస తిరగబడి ఉంటుంది. ఏ లెవెల్ పరీక్షలు మే, జూన్ నెలల్లో. యూనివర్సిటీ అప్లికేషన్ మాత్రం అంతకు ఎన్నో నెలల ముందే వెళ్లిపోవాలి. 2026 ప్రవేశాలకైతే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్, డెంటిస్ట్రీ, వెటర్నరీ కోర్సులకు 2025 అక్టోబరు 15, మిగిలిన చాలా కోర్సులకు 2026 జనవరి 14 గడువుగా పెట్టారు. రాయని పరీక్షకు మార్కులు ఉండవు కాబట్టి, ఈ పిల్లకు ఎంత గ్రేడ్ రావచ్చో టీచర్లు అంచనా వేసి పంపుతారు. మన పిల్లల చేతికి వచ్చిన ఆ కాగితంలో ఉన్నది అదే.

ఈ అంచనా దేని మీద వేస్తారన్నది స్కూలును బట్టి మారుతుంది. ఒకప్పుడు ఇయర్ 12 చివర ఏఎస్ పరీక్షలు ఉండేవి, వాటిని బోర్డు దిద్దేది, ఆ మార్కులు ఏ లెవెల్‌లో సగం. టీచరు దగ్గర గట్టి ఆధారం ఉండేది. 2015 నుంచి ఇంగ్లండ్‌లో సబ్జెక్టుల వారీగా ఏఎస్‌ను ఏ లెవెల్ నుంచి విడదీశారు. చాలా స్కూళ్లు ఏఎస్ పెట్టడమే మానేశాయి. ఇప్పుడు చాలా చోట్ల జూన్‌లో పెట్టే మాక్ (నమూనా) పరీక్ష, క్లాసు టెస్టులు, జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతి లాంటిది) మార్కులు, ఇవే ఆధారం. ఆ వారం పిల్లకు హే ఫీవర్ వచ్చినా, ఇంట్లో ఏదైనా కష్టం ఉన్నా దాని నీడ మొత్తం అప్లికేషన్ మీద పడుతుంది.

మరి ఈ అంచనాలు ఎంతవరకు నిజమవుతాయి? 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన గిల్ వైనెస్ దీని మీద ఒక నివేదిక ఇచ్చారు. ఒక్కో పిల్లకు బాగా వచ్చిన మూడు ఏ లెవెల్ గ్రేడ్లు లెక్కలోకి తీసుకుంటే, అంచనా సరిగ్గా సరిపోయింది 16 శాతం మందికే. 75 శాతం మందికి వచ్చినదానికన్నా ఎక్కువ వేశారు. తక్కువ వేసింది 9 శాతం మందికి. ఈ అంకెలు తల్లిదండ్రులు ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సినవి. మా పిల్లకు తక్కువ వేశారని అనిపించే ప్రతి ఇంట్లోనూ నిజంగా తక్కువ వేసి ఉండరు. టీచర్లు మామూలుగా కాస్త ఎక్కువే వేస్తారు.

అలాగని ఆ 9 శాతాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. బాగా చదివే పిల్లల్లో చూస్తే, డబ్బున్న ఇళ్ల పిల్లలకన్నా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకే గ్రేడ్లు తక్కువ వేయడం ఎక్కువని అదే నివేదికలో ఉంది. నన్ను బాగా బాధపెట్టిన విషయం ఇది. కేర్ హోముల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ, టాక్సీ నడుపుతూ పిల్లల్ని చదివించుకుంటున్న మనవాళ్లు ఎంతమందో ఉన్నారు. పేరెంట్స్ ఈవినింగ్‌కు వెళ్లడానికి కూడా వాళ్లకు సెలవు దొరకదు. ఆ పిల్లల తరఫున అడిగేవాళ్లు ఉండరు.

అసలు ఫలితాలు వచ్చాకే అప్లై చేసే పద్ధతి పెడితే ఈ తలనొప్పే ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. ప్రభుత్వం 2021 జనవరిలో అలాంటి ప్రతిపాదన మీద అభిప్రాయాలు అడిగింది కూడా. 2022 ఫిబ్రవరిలో వదిలేసింది. అంతకుముందు 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయినప్పుడు ఏం జరిగిందో చూశాం. ఆగస్టు 13న ఫలితాలు వస్తే, ఇంగ్లండ్‌లో టీచర్లు వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతాన్ని కంప్యూటర్ లెక్క కిందకు దించేసింది. పిల్లలు రోడ్ల మీదకు వచ్చాక నాలుగు రోజుల్లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. రాయని పరీక్షకు గ్రేడ్ ఇచ్చే ఏ పద్ధతైనా కొందరు పిల్లలకు అన్యాయం చేస్తుందని ఆ వారం దేశమంతా చూసింది. అయినా పద్ధతి మారలేదు. మారాలని నేను గట్టిగా నమ్ముతాను. అప్పటిదాకా ఉన్నదానిలోనే దారి వెతుక్కోవాలి.

ఇప్పుడు సొంతంగా అప్లై చేయడం సంగతి. యూకాస్‌లో స్కూలు కోడ్ లేకుండా ఎవరైనా అకౌంట్ తెరవొచ్చు, ఫీజు కట్టొచ్చు. అక్కడిదాకా సులువే. తర్వాత చదివిన స్కూళ్లు, రాసిన పరీక్షలు, రాయబోయే పరీక్షలు అన్నీ రాయాలి. దాచడానికి లేదు. అంతా నిజమే రాశానని మీరే ఒప్పుకుంటూ పంపుతారు. ఆ తర్వాత రిఫరెన్స్, అంటే పిల్ల చదువు గురించి ఇంకొకరు రాసి ఇచ్చేది, కావాలి. కుటుంబ సభ్యులు, స్నేహితులు ఇవ్వకూడదు, ఇచ్చినట్టు తేలితే అప్లికేషన్ రద్దయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి మామయ్య లండన్‌లో డాక్టరు కదా, ఆయనతో రాయిద్దాం అనుకోవద్దు. పిల్ల చదువు గురించి తెలిసినవాళ్లు రాయాలి. ఇంకా స్కూల్లోనే ఉన్న పిల్లకు ఆ మనిషి ఎవరు? స్కూలు టీచరే. యూనివర్సిటీవాళ్లు కూడా, ఈ పిల్ల ఫలానా స్కూల్లో ఇయర్ 13 చదువుతోంది, మరి స్కూలు అంచనా ఏదని అడుగుతారు. చుట్టూ తిరిగి మళ్లీ అదే గుమ్మం ముందుకు వస్తాం. ఈసారి స్కూలుతో మంచి మాట కూడా పోగొట్టుకుని వస్తాం.

ట్యూషన్ మాస్టారితో ఏ స్టార్లు వేయించి పంపుదామని కొందరు అంటారు. ఫీజు తీసుకునే మనిషి వేసిన అంచనాకు అడ్మిషన్స్‌లో కూర్చున్నవాళ్లు ఎంత విలువ ఇస్తారో మీరే ఆలోచించండి.

కాబట్టి పిల్ల ఇంకా స్కూల్లో ఉన్నంతవరకు పని జరగాల్సింది స్కూల్లోనే. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. నాన్నగారు హెడ్ ఆఫ్ సిక్స్త్ ఫామ్‌కు పెద్ద ఈమెయిల్ రాస్తారు. ఫలానా యూనివర్సిటీ ఏ స్టార్, ఏ, ఏ అడుగుతోంది, కాబట్టి మా అబ్బాయికి అంతే వేయండి అని. యూకాస్ స్కూళ్లకు ఇచ్చిన సూచనల్లోనే ఉంది, యూనివర్సిటీ ఎంత అడుగుతోందన్నది చూసి, తల్లిదండ్రుల ఒత్తిడి వల్ల అంచనా మార్చకూడదని. అంటే ఆ ఈమెయిల్‌లో ఉన్న కారణమే స్కూలు ఒప్పుకోకూడని కారణం. స్కూలు ఒప్పుకోగలిగేది ఒక్కటే, కొత్త ఆధారం.

ఆధారం అంటే ఎలా ఉంటుందో చెబుతాను. మా క్లాసులో ఒక అమ్మాయికి జూన్ మాక్ తర్వాత కెమిస్ట్రీలో బీ పడింది. పిల్ల రెండు రోజులు ఏడ్చింది. తర్వాత తన ఆన్సర్ పేపరు తీసుకుని నా దగ్గరకు వచ్చింది. ఏ ప్రశ్నలో ఎన్ని మార్కులు పోయాయో ఇద్దరం కూర్చుని రాశాం. పోయిన మార్కుల్లో పెద్ద భాగం రెండు చోట్లే పోయింది. ఒకటి టైట్రేషన్ లెక్కలు. రెండోది ఆర్గానిక్ మెకానిజమ్స్‌లో కర్లీ యారోలు, అంటే ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో చూపే వంపు బాణాలు. ఆ బాణం ఎలక్ట్రాన్లు ఉన్న చోట, అంటే లోన్ పెయిర్ నుంచో బాండ్ నుంచో మొదలవ్వాలి. ఆ పిల్ల ప్రతిసారీ హైడ్రోజన్ దగ్గర మొదలుపెట్టింది. విషయం రాక కాదు, అలవాటు అలా పడింది. ఒకే తప్పుకు పేపరంతా మార్కులు పోయాయి. వేసవి సెలవుల్లో ఆ రెండింటి మీదే కూర్చుంది. సెప్టెంబరులో స్కూలు తెరవగానే, టైము పెట్టి ఇంకో పేపరు రాస్తాను, చూస్తారా అని తనే అడిగింది. మా కళ్ల ముందే రాసింది. బీ కాస్తా ఏ అయింది. ఆ పేపరు నా ఫైల్లో ఉంది కాబట్టి ఎందుకు మార్చావని ఎవరడిగినా చూపించగలను.

పిల్లలూ, ఇది మీకు. అమ్మానాన్నలతో చెప్పించకండి, మీరే అడగండి. అడిగేటప్పుడు, "ఇది మారాలంటే మీకు ఏం చూపించాలి, ఏ తేదీలోపు?" అని అడగండి. మెడిసిన్, ఆక్స్‌ఫర్డ్ లాంటివాటికి స్కూలు లోపలి గడువు సెప్టెంబరులోనే ముగిసిపోవచ్చు. అంచనాలు ఎలా వేస్తారో స్కూలు పాలసీ రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ రోజుల్లో అనారోగ్యం, ఇంట్లో ఇబ్బంది లాంటివి ఉంటే ముందే చెప్పండి, రిఫరెన్స్‌లో దానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. చెప్పకపోతే వాళ్లకు తెలియదు. స్కూలు వినకపోతే స్కూలు కంప్లైంట్ పద్ధతిలోనే వెళ్లాలి, ఎగ్జామ్ బోర్డు దగ్గర ఈ అంచనా మీద అప్పీలు లేదు.

అన్నీ చేసినా బీ అలాగే ఉండిపోయిందనుకోండి. ఐదు ఛాయిస్‌లు ఉంటాయి కదా, అన్నీ ఆశపడ్డవే పెట్టకండి. అంచనాకు ఒక గ్రేడ్ పైన ఒకటో రెండో, సరిపోయేవి రెండు, కాస్త కిందవి ఒకటి. ఒక గ్రేడ్ తగ్గితే ఆఫర్ రానే రాదని ఏమీ లేదు. ఆగస్టులో అనుకున్నదానికన్నా మంచి ఫలితం వస్తే చేతిలో ఉన్న సీటు వదులుకుని క్లియరింగ్‌కు, అంటే మిగిలిన సీట్లు నింపే పద్ధతికి, వెళ్లొచ్చు. కానీ ముందు ఫోన్ చేసి, కొత్త చోట ఖాయం చేసుకున్నాకే వదలాలి. మెడిసిన్ లాంటివి అక్కడ దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. ఫలితాలు వచ్చాక, గ్రేడ్లు చేతిలో పెట్టుకుని, తర్వాతి సంవత్సరానికి అప్లై చేయడం. అప్పుడు ప్రెడిక్టెడ్ గ్రేడ్‌తో పనే లేదు. అది ఉండాల్సిన చోట బోర్డు ఇచ్చిన గ్రేడ్ ఉంటుంది. కోర్సు అడిగిన గ్రేడ్లు ముందే ఉన్నాయి కాబట్టి షరతులు లేని ఆఫర్ రావచ్చు. ఆగస్టు టెన్షన్ ఉండదు. పాత స్కూలు చాలాసార్లు రిఫరెన్స్ ఇస్తుంది, అందుకే వాళ్లతో మంచిగా ఉండమన్నది.

ఈ మాట అనగానే "ఒక సంవత్సరం వేస్ట్ అవుతుంది కదా" అంటారు. విజయవాడలో, హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మెడిసిన్ సీటు తెచ్చుకున్న అన్నయ్యలు, అక్కలు లేని తెలుగు కుటుంబం ఉందా? ఇవాళ వాళ్లను ఎవరూ ఒక సంవత్సరం పోగొట్టుకున్నారని అనరు. అక్కడ మళ్లీ పరీక్ష రాయడానికి ఒక సంవత్సరం పెట్టాం. ఇక్కడైతే గ్రేడ్లు బాగా వచ్చిన పిల్ల మళ్లీ రాయక్కర్లేదు. ఉద్యోగం చేసుకోవచ్చు, కేర్ హోమ్‌లో వాలంటీరుగా పని చేసి మెడిసిన్ ఇంటర్వ్యూకు సిద్ధపడొచ్చు. మెడిసిన్‌వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, యూక్యాట్ (మెడిసిన్ ప్రవేశ పరీక్ష) స్కోరు ఆ ఒక్క సంవత్సరం అప్లికేషన్‌కే చెల్లుతుంది, మళ్లీ రాయాలి. పర్సనల్ స్టేట్‌మెంట్ (అప్లికేషన్‌లో పిల్ల తన గురించి రాసేది) కూడా 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలకు జవాబులుగా మారింది, అన్నీ కలిపి 4,000 అక్షరాలు.

గ్రేడ్ కూడా తక్కువే వచ్చి మళ్లీ రాయాలంటే, పాత స్కూలు ఒప్పుకోకపోతే ప్రైవేట్ క్యాండిడేట్‌గా ఏదైనా ఎగ్జామ్ సెంటర్‌లో పేరు ఇవ్వాలి. ఏ లెవెల్ పరీక్షలు వేసవిలోనే, కాబట్టి జనవరిలోపే సెంటర్ చూసుకోండి. సైన్సుల్లో ప్రాక్టికల్స్, కొన్ని సబ్జెక్టుల్లో కోర్స్‌వర్క్ ఫలితాన్ని ముందటి సారి నుంచి తెచ్చుకునే వీలుంది. మళ్లీ రాసినవాళ్లను తీసుకుంటారా లేదా అన్నది కోర్సు కోర్సుకూ కనుక్కోవాలి, ముఖ్యంగా మెడిసిన్‌లో.

ఐఎల్ఆర్ (ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి) ఇంకా రాని కుటుంబాలకు ఒక మాట. హోమ్ ఫీజు (ఇక్కడి పిల్లలు కట్టే తక్కువ ఫీజు), స్టూడెంట్ లోను వర్తిస్తాయా లేదా అన్నది చాలావరకు కోర్సు మొదలయ్యే రోజుకు పిల్ల స్టేటస్‌ను బట్టి, ఈ దేశంలో అప్పటికి మూడేళ్లు ఉన్నారా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇంగ్లండ్‌లో 2025-26కు హోమ్ ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు, ఓవర్సీస్ ఫీజు సాధారణంగా దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. వచ్చే చలికాలంలో ఐఎల్ఆర్ వచ్చే ఇంటికి ఒక సంవత్సరం ఆగడం వల్ల ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకోండి. వీసా మీద ఉన్న పిల్లకు 18 నిండుతుంటే మాత్రం ఆగే ముందు సొలిసిటర్‌ను అడగండి.

నాకు ఇచ్చిన టైము అయిపోయింది. హాలు ఐదింటిదాకా మనదే. ప్రెడిక్టెడ్ గ్రేడ్ల కాగితం, జూన్ మాక్ పేపర్లు తెచ్చుకున్న పిల్లలు ముందు రండి. ఒక్కో పేపరు తీసి మార్కులు ఎక్కడ పోయాయో చూద్దాం.