హౌస్‌సర్జన్‌కి పీహెచ్‌సీలో పనేంటి?

హోస్ట్: నమస్కారం అండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ మనతో గుంటూరు జిల్లాలో పనిచేసే ఒక పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మెడికల్ ఆఫీసర్ గారు ఉన్నారు. పేరు, ఊరు చెప్పొద్దన్నారు. మేడమ్, సూటిగా అడిగేస్తా. పల్లెటూరి పోస్టింగంటే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకుని మధ్యాహ్నం బస్సెక్కడమేనని హౌస్‌సర్జన్లే, అంటే ఎంబీబీఎస్ చదువు చివర ఆసుపత్రి శిక్షణలో ఉన్న పిల్లలే అంటున్నారు.

డాక్టర్: (నవ్వు) చాలా చోట్ల నిజమేనండి. అయితే తప్పు పిల్లలదొక్కటే కాదు. ఓపీలో నా పక్కన కూర్చోబెట్టి, నేను మందులు రాస్తుంటే చూస్తూ ఉండమంటే ఎంతసేపు చూస్తారు? ఫోన్ తీస్తారు.

హోస్ట్: మరి మీరేం చేస్తారు?

డాక్టర్: పేషెంటుని ముందు హౌస్‌సర్జన్ దగ్గరికే పంపిస్తా. మాట్లాడి, పరీక్ష చేసి, జబ్బేమిటనుకుంటున్నారో, ఏ మందు ఇద్దామనుకుంటున్నారో నాకొచ్చి చెప్పాలి. ఆ తర్వాత నేనూ చూస్తా. సంతకం నాదే, బాధ్యతా నాదే. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో వార్డుకి చేరేసరికి కేసు ఏ డిపార్ట్‌మెంటుదో తేలిపోయి ఉంటుంది. ఇక్కడ 'నీరసమమ్మా, కళ్లు తిరుగుతున్నాయి' అని వస్తారు. అది రక్తహీనతా, షుగరా, మిరప కోతల్లో ఎండదెబ్బా, ఇంట్లో గొడవా? అడిగి తెలుసుకోవాల్సిందే.

హోస్ట్: ఎమర్జెన్సీలు కూడా వాళ్లకే ఇస్తారా?

డాక్టర్: నేను పక్కనుండగా. పాముకాటే తీసుకోండి. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత ఒంచి చూస్తే గడ్డకట్టకుండా జారిపోయిందా, రక్తపింజర లాంటిది కరిచి విషం ఎక్కిందన్నమాట. వెంటనే ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు మొదలుపెట్టాలి. పరీక్షల్లో అందరూ రాసిన జవాబే. తీరా చేయమంటే చేతికందిన ప్లాస్టిక్ ట్యూబు తీసుకుంటారు! రక్తం గాజుకి తగిలితేనే ఈ టెస్టు పనిచేస్తుంది. సబ్బుతో కడిగిన ట్యూబుని కూడా నమ్మకూడదు. మా స్టాఫ్ నర్సు గాజు ట్యూబులు విడిగా ఒక డబ్బాలో దాచి ఉంచుతారు. పిల్లలకి ఇది నేర్పేది ఆవిడే.

హోస్ట్: గడ్డకడితే ఇంటికి పంపేయొచ్చా?

డాక్టర్: అస్సలు పంపకూడదు. కట్లపాము కాటుకి ఈ టెస్టు మామూలుగానే వస్తుంది, కరిచిన చోట వాపు కూడా ఉండకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి కష్టమవుతుంది. అందుకే హౌస్‌సర్జన్‌ని మంచం పక్కనే ఉండమంటా. మాటిమాటికీ కళ్లెత్తి పైకి చూడమని అడగాలి.

హోస్ట్: ఇదంతా రూల్స్‌లో ఉందా మేడమ్?

డాక్టర్: రూల్స్‌కేం తక్కువ! 1946లో దేశంలో వైద్య సేవలపై వేసిన భోర్ కమిటీ రిపోర్టే డాక్టర్లకి రోగ నివారణ, సామాజిక వైద్యంలో శిక్షణ కావాలంది. ఇప్పుడు ఎన్‌ఎంసీ, అంటే జాతీయ వైద్య కమిషన్, ఎంబీబీఎస్ పిల్లలకి కుటుంబాల దత్తత (కొన్ని కుటుంబాల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండటం) పెట్టింది, పీజీలకి జిల్లా ఆసుపత్రుల్లో మూడు నెలలు పెట్టింది. మంచివే. కానీ ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీ 1997లో చేసింది చూడండి. కొంతమంది విద్యార్థుల్ని ఏడాది పొడుగునా రివర్‌ల్యాండ్ అనే గ్రామీణ ప్రాంతంలో జనరల్ ప్రాక్టీస్ డాక్టర్ల దగ్గరే ఉంచింది. సిటీ ఆసుపత్రిలో చదివినవాళ్ల కంటే మార్కుల్లో వాళ్లేమీ వెనకబడలేదు.

హోస్ట్: ఇక్కడ ఏడాదంటే తల్లిదండ్రులు ఊరుకోరు!

డాక్టర్: (నవ్వు) నాకు ఏడాది వద్దండి, విడగొట్టకుండా రెండు నెలలు ఒకేచోట ఉంచండి. హౌస్‌సర్జనే బీపీ మాత్రలు మొదలుపెట్టించిన మనిషి నెలకి మళ్లీ వస్తాడు. కళ్లు తిరగడం తగ్గింది కదా అని పదిరోజులకే మానేశానంటాడు. అలాంటి మనిషికి మళ్లీ నచ్చచెప్పి మాత్రలు మింగించడం ఏ వార్డులో నేర్పుతారు?

హోస్ట్: అడ్డమేంటి మరి?

డాక్టర్: గది. వచ్చేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. తలుపుకి గడియ లేని క్వార్టర్లో రాత్రి ఉండమని నేనెలా చెప్తాను? రాత్రి లేకపోతే ఆ కట్లపాము కేసు చూసేదెప్పుడు? రెండు మంచాలు, గట్టి తలుపు, బాత్రూంలో నీళ్లు. ఈ ఖర్చు కాలేజీలే పెట్టాలి, ఫీజులు తీసుకునేది వాళ్లే కదా.