మానేస్తారా అని అడగడం మానండి డాక్టర్ గారూ!

నమస్తే అండీ. ఇవాళ నా గొడవ సిగరెట్ తాగేవాళ్లతో కాదు, డాక్టర్లతో. "పేషెంట్‌కే మానాలని లేకపోతే మేమేం చేస్తాం, మానాలనుకున్నాకే రమ్మంటాం" అంటారు చూశారా, వాళ్లతో. నేననేది ఒక్కటే. మానడానికి రెడీయేనా అని అడగడమే దండగ. అడక్కండి. వైద్యం మొదలుపెట్టండి.

ఆగండాగండి, తిట్టేముందు వినండి. బీపీ 170 ఉన్నవాణ్ని "బాబూ, తగ్గించుకోవడానికి సిద్ధమేనా" అని ఎవరైనా అడుగుతారా? మాత్ర రాస్తారు, నెలకి మళ్లీ రమ్మంటారు. మరి సిగరెట్ దగ్గరకొచ్చేసరికి ఈ ముహూర్తాలు ఎందుకు?

ఓపీలో జరిగేది మనమంతా చూసిందే. పెద్దాయన ఆయాసంతో వస్తాడు. స్టెతస్కోప్ పెట్టబోతే చొక్కా జేబులో ప్యాకెట్, లైటర్ అడ్డం. దాన్ని పక్కకి జరిపి మరీ ఊపిరి వింటాడు డాక్టర్! తర్వాత చీటీ రాస్తూ, తలెత్తకుండా, "సిగరెట్ తాగుతారా?" "ఎప్పుడైనా ఒకటండీ." పక్కనున్న ఆవిడ సీలింగ్ ఫ్యాన్ వంక చూస్తుంది. "మానెయ్యాలి. లేకపోతే పోతారు." "సరే సార్." అంతే, అయిపోయింది. ఆ టెన్షన్‌కి బయటికొచ్చి ఒకటి వెలిగిస్తాడు. ప్యాకెట్ మీద 85 శాతం మేర క్యాన్సర్ బొమ్మ వేస్తేనే బెదరనివాడు మీ మాటకి బెదురుతాడా?

ఇప్పుడు అసలు సంగతి. 2015లో జామా అనే అమెరికన్ వైద్య జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. "వచ్చే నెలలో మానడం నా వల్ల కాదు, కావాలంటే తగ్గిస్తా, మూడు నెలల్లో చూద్దాం" అన్న 1,510 మందిని తీసుకున్నారు. అంటే మన డాక్టర్లు వెనక్కి పంపేసే బాపతే! కొందరికి వరెనిక్లిన్ అని సిగరెట్ మాన్పించే మాత్ర, మిగతావాళ్లకి మందు లేని ఉత్తుత్తి మాత్ర, 24 వారాలు. నాలుగు వారాలకి సగం తగ్గించాలి, ఎనిమిదికి ముప్పావు, పన్నెండుకి పూర్తిగా. ఆరో నెల అయ్యేసరికి మందు వాడినవాళ్లలో 32.1 శాతం మానేశారు, రెండోవైపు 6.9. ఏడాది చివర్లో చూసినా 27, 9.9. 2020లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ, అంటే అక్కడి ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘం కూడా అదే రాసింది: సిద్ధమయ్యేదాకా ఆగొద్దు, మందు మొదలుపెట్టండి అని. అయినా మనం ఇంకా "మానాలనుకున్నాక రా" దగ్గరే ఉన్నాం. ఒళ్లు మండదూ?

అలాగని మీరే మెడికల్ షాపుకి పరిగెత్తకండి బాబూ. అది డాక్టర్ రాయాల్సిన మందు. కొందరికి వికారం, పిచ్చి పిచ్చి కలలు.

"అవన్నీ అమెరికా కబుర్లు" అంటారా? శ్రీకాకుళం రండి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అమ్మమ్మలు, దాన్నే అడ్డపొగ అంటారు. అంగిలి అంతా తెల్లగా మచ్చలు. వాళ్లలో ఒక్కరైనా "నేను మానతాను" అని ఆసుపత్రికి వచ్చారా? రాలేదు. పరిశోధకులే ఊళ్లకెళ్లారు. శ్రీకాకుళం, ఎర్నాకులం, భావ్‌నగర్ కలిపి 36,000 మందికి పైగా పొగాకు వాడేవాళ్లు. నోరు పరీక్ష చేశారు, విడమరిచి చెప్పారు, మళ్లీ మళ్లీ వెళ్లారు. 1986లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది: అలా చెప్పినచోట మానినవాళ్లు, తగ్గించినవాళ్లు ఎక్కువయ్యారు.

మరి మొండికేసినవాడితో ఏం మాట్లాడాలి? విలియం మిల్లర్ అని అమెరికన్ సైకాలజిస్ట్, 1983లో తాగుడు మాన్పించే పనిలో ఒక పద్ధతి రాశాడు. దాంట్లోంచి వచ్చిన ప్రశ్న ఒకటి నాకు భలే ఇష్టం. "మానడం మీకెంత ముఖ్యం, పదికి ఎన్ని మార్కులేస్తారు?" "మూడండీ." ఇక్కడ మనవాళ్లయితే "మూడేనా?" అని ఎగురుతారు. అప్పుడా పేషెంట్ సిగరెట్ తరఫున లాయరైపోతాడు. నైట్ డ్యూటీ అంటాడు, మోషన్ రాదంటాడు. అలా కాకుండా "మూడు వేశారే, సున్నా ఎందుకు వెయ్యలేదు?" అనండి. "అంటే... మనవడు వాసనొస్తోందని దగ్గరికి రాడండీ." చూశారా! మానాల్సిన కారణం ఆయన నోటితోనే వచ్చింది. ఆ క్షణంలో చీటీ మీద మందు పడాలి. ఉత్త మాటలతో వదిలేస్తే లాభం లేదు.

నికోటిన్ గమ్ సంగతీ అంతే. రాసిస్తారు, ఎలా నమలాలో చెప్పరు. ఆయన బబుల్‌గమ్‌లా కసాకసా నమిలి, ఎక్కిళ్లు, కడుపులో మంట, "ఇది పనిచెయ్యదండీ" అని పారేస్తాడు. మెల్లగా నమలాలండీ. చురుక్కుమనగానే ఆపి బుగ్గన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. నమిలే ముందు పావుగంట టీ, కాఫీ ముట్టొద్దు. ఇది చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు, నర్సమ్మ చాలు.

"ఓపీలో వంద మంది, టైమెక్కడిది?" సరే, ఒప్పుకున్నా. అందుకే ప్రభుత్వం క్విట్‌లైన్, అంటే మానడానికి సాయం చేసే ఫోన్ నంబర్ పెట్టింది, 1800 112 356, ఫ్రీ. ప్యాకెట్ మీదే వేస్తారు. కానీ పాన్ డబ్బాలో లూజుగా ఒకటి కొనుక్కునేవాడికి ప్యాకెట్ ఎక్కడిది, నంబర్ ఎక్కడిది? ఆయన చేతికొచ్చే కాగితం మీ చీటీ ఒక్కటే సార్. రెండు మందుల కింద ఆ నంబర్ రాసి, "వచ్చే నెల మళ్లీ అడుగుతా" అనడానికి మీకు ఎంతసేపు పడుతుంది? మన వ్యూయర్స్‌లో డాక్టర్లు చాలామందే ఉన్నారు. కింద చెప్పండి, వింటాను.