‘ఎనీ డౌట్స్?’ అనగానే క్లాసంతా ఎందుకు గప్‌చుప్?

అందరికీ నమస్తే. సెమిస్టర్ అయిపోవస్తుంటే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక గూగుల్ ఫామ్ పడుతుంది. పాఠం ఎలా ఉంది, సార్ టైముకి వస్తున్నారా, ఐదుకి ఎంతిస్తారు? కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే ఇక సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) వెంటపడి మరీ నింపిస్తాడు. అందరూ నాలుగో ఐదో కొట్టి పంపేస్తారు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసినవాళ్లు ఇంకేం చేస్తారు చెప్పండి!

క్లాసు నిజంగా ఎలా సాగుతోందో విద్యార్థుల నుంచే తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియా పక్కన బ్రిన్ మార్ అని ఒక చిన్న కాలేజీ ఉంది. అక్కడ 2006లో ‘సాల్ట్’ (స్టూడెంట్స్ యాజ్ లెర్నర్స్ అండ్ టీచర్స్) అనే కార్యక్రమం మొదలైంది. ఆలిసన్ కుక్-సాథర్ అనే ప్రొఫెసర్ ఆధ్వర్యంలో నడిచింది. ఒక విద్యార్థిని ప్రతి వారం ఒక లెక్చరర్ క్లాసుకి వెళ్లి కూర్చుంటుంది, నోట్సు రాస్తుంది, తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఇక్కడ కిటుకు ఏంటంటే, ఆ అమ్మాయి ఆ కోర్సులో చేరిన స్టూడెంట్ కాదు. ఆ లెక్చరర్ ఆమెకి మార్కులు వేసేది లేదు. పైగా ఈ పనికి డబ్బులిస్తారు. ఫీజు కోసం సాయంత్రాలు పార్ట్‌టైమ్ చేసుకునే పిల్లని ఉచితంగా వచ్చి కూర్చోమంటే రాదు కదా. అప్పుడు వచ్చేది ఇంట్లో దిగుల్లేని వాళ్లే.

మొదట్లో ఈ పనికి పిలిచింది శ్వేతజాతీయులు కాని విద్యార్థులనే. క్లాసులో తాము పరాయివాళ్లమని ఎక్కడ అనిపిస్తుందో వాళ్లకే కదా తెలిసేది.

నోట్సులో మూడు గళ్లు ఉంటాయి: టైము, జరిగింది, దాని మీద ఆలోచన. మన క్లాసులో రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. పది గంటల పది నిమిషాలు: సార్ ‘ఎనీ డౌట్స్?’ అన్నారు, రెండు సెకన్లలో బోర్డు వైపు తిరిగారు. పది ఇరవై: ప్రశ్న అడిగారు, ముందు బెంచీ ఇంగ్లిష్‌లో జవాబు చెప్పింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి నోట్సు మార్జిన్‌లో సరైన జవాబే రాసుకుంది, చెయ్యెత్తలేదు. ఈ సంగతి ఏ గూగుల్ ఫామ్‌లో కనిపిస్తుంది?

ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్ష మీద ప్రభుత్వం వేసిన థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక ఉంది. వైవాల్లో, అంటే నోటి పరీక్షల్లో, ఎగ్జామినర్లు కులం ఆరా తీస్తారని, టీచర్లు తమని పట్టించుకోరని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు అందులో చెప్పారు. 2012లో యూజీసీ రూల్సు తెచ్చింది: సమాన అవకాశాల సెల్ పెట్టాలి, వివక్ష ఫిర్యాదులకి ఒక అధికారి ఉండాలి. అవి అవసరమే. కానీ ఫిర్యాదు దాకా వచ్చిందంటే అప్పటికే జరగాల్సిందంతా జరిగిపోయినట్టు. కంప్లైంట్‌గా రాయలేని చిన్న చిన్న విషయాలు పట్టుకోవాలంటే క్లాసులోనే ఒక మనిషి ఉండాలి.

‘పిల్లలు మాకు పాఠాలు చెప్పేదేంటి’ అని కొందరు సార్లు అంటారు, తెలుసు. సబ్జెక్టు ఎలాగూ మీదే సార్. వెనక బెంచీ నుంచి మీ క్లాసు ఎలా కనిపిస్తుందో మాత్రం మీకు తెలిసే దారి లేదు.

ఈ పద్ధతి మన దగ్గర పెట్టాలంటే నాకు అసలు చిక్కు ఇంకోచోట కనిపిస్తోంది. బ్రిన్ మార్‌లో కొత్తగా చేరిన లెక్చరర్లకి ఈ పని కోసం క్లాసుల భారం తగ్గిస్తారు. మన యూనివర్సిటీల్లో చాలా క్లాసులు కాంట్రాక్టు వాళ్లు, గెస్ట్ ఫ్యాకల్టీ నెట్టుకొస్తున్నారు. వచ్చే ఏడు రెన్యువల్ అవుతుందో లేదో తెలియని మనిషి తన క్లాసులో లోపాలు రాసే ఒకరిని పక్కన ఎందుకు కూర్చోబెట్టుకుంటాడు? ఆ నోట్సు హెచ్‌ఓడీ టేబుల్ మీదకి వెళ్లదని ముందు ఆయనకి ఎవరు హామీ ఇస్తారు?