బూట్లలో కాగితాలు కుక్కుకున్న సైనికులు

[స్క్రీన్ మీద: పెద్ద బూట్ల జత, లోపల నలిపి కుక్కిన కాగితాలు]

ఈ బూట్లు చూశారా? వేసుకున్న అమ్మాయి పాదం చిన్నది. కాగితాలు కుక్కకపోతే నడుస్తుంటేనే ఊడిపోతాయి.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. 1941 చివర్లో, వోల్గా నది ఒడ్డున ఎంగెల్స్ పట్టణంలో, పేరున్న పైలట్ మరీనా రస్కోవా సోవియట్ మహిళలతో మూడు విమాన దళాలు తయారు చేస్తున్నారు. వచ్చినవాళ్లలో చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. యూనిఫాం మూట విప్పితే అన్నీ మగవాళ్ల సైజులే. కోటు చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. లోదుస్తులు కూడా మగవాళ్లవే! దానికి తోడు జడలు కత్తిరించుకోమని ఆర్డరు. యుద్ధం ముంచుకొచ్చింది, కుట్టించే టైం లేదు అనుకోవచ్చు. నాకైతే, వీళ్లు వస్తారని ఎవరూ ముందుగా ఊహించలేదనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: పీవో-2 విమానం, రాత్రి]

వాళ్లలో 588వ దళానికి దక్కినది చెక్కా గుడ్డతో చేసిన పీవో-2. పైన కప్పు ఉండదు, చలిగాలి నేరుగా ముఖానికే. లక్ష్యం దగ్గరపడగానే ఇంజన్ తగ్గించి, చప్పుడు లేకుండా జారుతూ వచ్చి బాంబులు వేసేవాళ్లు. జర్మన్ సైనికులు వీళ్లని 'రాత్రి మంత్రగత్తెలు' అన్నారు.

బ్రిటన్‌లో ఇంకో విచిత్రం. విమాన విధ్వంసక ఫిరంగుల దగ్గర అమ్మాయిలకి మగవాళ్లలాగే ప్యాంటు, బాటిల్‌డ్రెస్ (సైనికుల యుద్ధ యూనిఫాం) ఇచ్చారు. శత్రు విమానం ఎత్తు, దూరం లెక్కగట్టేది వాళ్లే. ఫిరంగి పేల్చడానికి మాత్రం అప్పటి రూల్స్ ఒప్పుకోలేదు.

1943 జులైలో సింగపూర్‌లో డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ కూడగట్టిన 20 మంది మహిళలు, చీరలతోనే రైఫిళ్లు పట్టుకుని సుభాష్ చంద్రబోస్‌కి గౌరవ వందనం ఇచ్చారు. యూనిఫాం తర్వాత వచ్చింది. బోస్ సైన్యంలోని మహిళల దళం, ఝాన్సీ రాణి రెజిమెంట్ మొదలైంది అక్కడే.

[స్క్రీన్ మీద: చేతులు, కాళ్లు మడిచిన కవరాల్ (ఒంటినిండా ఒకే ముక్కగా ఉండే పని డ్రెస్) వేసుకున్న అమ్మాయి]

ఇక అమెరికా. వాస్ప్ అనే బృందంలో వెయ్యి మందికి పైగా మహిళా పైలట్లు సైన్యం విమానాలు నడిపారు. ట్రైనింగ్‌లో మగ మెకానిక్కుల కవరాల్సే మడిచి వేసుకున్నారు. 1944లో నీలం రంగు యూనిఫాం వచ్చింది, చక్కగా కుట్టినది. కానీ కాగితాల మీద వాళ్లు సైనికులు కారు, సివిలియన్లు. డ్యూటీలో 38 మంది చనిపోయారు. శవపేటిక ఇంటికి పంపడానికి తోటి అమ్మాయిలు చందాలు వేసుకున్న సందర్భాలున్నాయి. మాజీ సైనికుల హోదా వచ్చింది 1977లో.